యుద్ధానికి తిరునాళ్ళ

చాలా కాలంగా రాద్దామనుకుంటూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కన పెడుతూ వచ్చిన సంగతి ఇది. మొన్న ఏరువాక పున్నమి వెళ్ళాక ఇంట్లో ఏటా పెట్టుకునే చిన్న నైవేద్యం పెట్టుకున్నాము. ఆకు తీస్తూ మా చిన్నది, "ఈ తాత ఎవరు నాన్నా?" అని అడిగింది. చెప్పబోయి, ఒక్క మాటలో చెప్పగలిగే విషయం కాదని ఆగిపోయాను. రేపు ఎప్పుడైనా అది చదువుకుంటుంది, ఈలోగా మీరూ చదువుతారు కదా అని కూర్చున్నాను.

2010 మే నెలలో నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులో, లీడ్స్ నగరంలో ఉన్నాను. ఆ వారాంతం హావర్త్ అనే ఊరికి బయలుదేరాను. బ్రాంటీ అక్కచెల్లెళ్ళు పుట్టి పెరిగిన యార్క్‌షైర్ సీమలో వాళ్ళు జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఊరది. 1847లో ఒక్క ఏడాదిలోనే అక్క 'జేన్ ఐర్', చెల్లెలు 'వుదరింగ్ హైట్స్' ప్రచురించారు. కాలేజీ రోజుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిన ఆ పుస్తకాలు ఏ కిటికీ దగ్గర కూర్చుని రాశారో చూడాలని ఉబలాటం. అంతకుమించి ఉద్దేశమేమీ లేదు.

కీత్లీ అనే స్టేషనులో దిగి పొగబండి ఎక్కాలి. అది నిజంగా పొగబండే. 1867లో వేసిన ఆ అయిదు మైళ్ళ శాఖాలైనును లాభం లేదని 1962లో మూసేస్తే, చుట్టుపక్కలవాళ్ళు సంఘంగా ఏర్పడి 1968లో మళ్ళీ తెరిచారు. డ్రైవరు మొదలు టికెట్టు చించే మనిషి దాకా ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. మా బేతంచెర్ల మీదుగా గుంతకల్లు నుంచి నంద్యాలకు పోయే మీటరుగేజి బండి పొగ కంట్లో పడి ఏడ్చినవాణ్ణి కనుక, ఆ బొగ్గు వాసనకే నా ప్రాణం లేచి వచ్చింది.

అయితే ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే తెల్లబోయాను. స్టేషను నిండా సైనికులు! ఖాకీ దుస్తులు, భుజాన తోలుపట్టీలు, వాయుసేన నీలిరంగు కోట్లు. ఆడవాళ్ళు ఆ కాలపు ముడులు వేసుకుని, పెదవులకు ఎర్రరంగు పూసుకుని ఉన్నారు. పిల్లల మెడల్లో విషవాయువు ముసుగు పెట్టుకునే అట్టపెట్టెలు, కోటు గుండీకి పేరు రాసిన చీటీలు. ఏదో సినిమా తీస్తున్నారనుకున్నాను. పక్కనున్న పెద్దమనిషి నా మొహం చూసి నవ్వి, ఆ రెండు రోజులూ ఊరంతా 1940లలోకి వెళ్ళిపోతుందనీ, ఏటా ఇది జరిపే వేడుకేననీ చెప్పాడు.

హావర్త్ వీధి నిటారుగా కొండ ఎక్కినట్టుంటుంది. మిల్లుల పొగకు నల్లబడిన రాతి ఇళ్ళు, కింద రాళ్ళు పరిచిన బాట. బేతంచెర్లవాణ్ణి, కాళ్ళ కింద రాయిని చూడకుండా నడవలేను. మన ఇళ్ళలో గచ్చుకు పరిచే నాపరాళ్ళు మా ఊరి చుట్టూ గనుల్లోంచి వచ్చినవే. మా నాన్న పాతికేళ్ళు బండల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మా రాయి పలకలు పలకలుగా లేస్తుంది. వీళ్ళది ఇసుకరాయి, గరుకు. ఏ ఊరైనా తన కింద ఉన్న రాయిలాగే ఉంటుందని మా నాన్న అనేవాడు.

ఆ వీధి పొడుగునా ఏం చూశానో చెబితే నవ్వుతారు. దుకాణాల అద్దాలకు అడ్డంగా, ఐమూలగా కాగితపు పట్టీలు అంటించారు. బాంబు పడితే గాజు ముక్కలు ఎగరకుండా అప్పట్లో అలా చేసేవారట. ఒకాయన చర్చిల్ వేషం వేసి, నోట్లో చుట్టతో రెండు వేళ్ళు చూపుతూ నడుస్తున్నాడు. ఇంకొకడు దొంగసరుకు అమ్మేవాడి వేషంలో కోటు విప్పి లోపల వరసగా తగిలించిన గడియారాలు చూపించి కన్ను గీటుతున్నాడు. ఒక బల్ల మీద ఒక మనిషికి వారానికి ఇచ్చే రేషను అంతా పేర్చిపెట్టారు: రెండు ఔన్సుల టీ ఆకు, రెండు ఔన్సుల వెన్న, ఎనిమిది ఔన్సుల చక్కెర, ఒక గుడ్డు, చిన్న మాంసపు ముక్క. అక్కడ 1940 జనవరి 8న మొదలైన రేషను 1954 జూలై 4 దాకా, అంటే యుద్ధం ముగిశాక కూడా తొమ్మిదేళ్ళు సాగింది. ఆహారమంత్రి వూల్టన్ పేరు పెట్టిన కూరగాయల రొట్టె ఒకచోట అమ్ముతున్నారు. కొని తిన్నాను. ఉప్పూ కారం సంగతి అడక్కండి.

వీధి చివర వేదిక మీద పాటలు. వెరా లిన్ పాడిన పాటలు ఒకామె పాడుతుంటే ముసలివాళ్ళు కుర్చీల్లో కూర్చుని పెదవులు కదుపుతున్నారు. ఆ గాయని 1917లో పుట్టి 2020 దాకా నూటమూడేళ్ళు బతికింది. యుద్ధకాలంలో బర్మా సరిహద్దుకు వెళ్ళి అడవుల్లోని సైనికులకు పాడి వచ్చింది. తర్వాత గ్లెన్ మిల్లర్ బాణీలు మొదలయ్యాయి. 1944 డిసెంబరులో ఇంగ్లీషు ఛానెల్ మీద విమానంతో సహా మాయమైన అమెరికా సంగీతకారుడాయన. జంటలు జంటలుగా జనం రాళ్ళ బాట మీదే నాట్యం చేశారు. నా కాలు కూడా తాళం వేసింది. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. ఆ మధ్యాహ్నం నాకు హాయిగా ఉంది.

అలా తిరుగుతూ నార్మండీ దండయాత్ర గురించిన ఒక ప్రదర్శన దగ్గర ఆగాను. ఆ తేదీని ఎలా ఎంచారో అందులో వివరించారు. గొడుగులతో దిగే సైనికులకు రాత్రి వెన్నెల కావాలి. పడవలు ఒడ్డు చేరడానికి తెల్లవారుజామున సముద్రం వెనక్కి తగ్గి ఉండాలి. రెండూ కలిసి వచ్చేది పున్నమి, అమావాస్యల దగ్గరే. అమావాస్యకు వెన్నెల ఉండదు. అందుకే 1944 జూన్ 6, నిండు పున్నమి. పంచాంగం చూసుకుని యుద్ధానికి బయలుదేరేది మనమే కాదన్నమాట అని నవ్వుకుని ముందుకు నడిచాను. ఆ పున్నమి నన్ను వెతుక్కుంటూ వస్తుందని అప్పుడు తెలియదు.

ఆ పక్కన ఒక బెంచీ మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎనభై అయిదు పైబడి ఉంటాయి. వేషం లేదు, మామూలు కోటు. ఛాతీ మీద మాత్రం నాలుగైదు పతకాలు. అందరూ పాడుతుంటే ఆయన పాడటం లేదు. నన్ను చూసి ఎక్కడివాడివని అడిగాడు. దక్షిణ భారతం అన్నాను. "మద్రాసా?" అన్నాడు. మా జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలోదే కాబట్టి అవునన్నాను. ఆయన పక్కకు జరిగి చోటిచ్చి, తాను బర్మాలో పనిచేశాననీ, తమ బండ్లు దాటిన వంతెనలూ రోడ్లూ మీ మద్రాసువాళ్ళు వేసినవేననీ అన్నాడు. కొంచెం ఆగి, "మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉన్నారా అందులో?" అని అడిగాడు.

ఉన్నారని చెప్పాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "మా అవ్వ తమ్ముడు. తిరిగి రాలేదు" అని మాత్రం అనగలిగాను. ఆయన తల ఊపి, చనిపోయినవారి పేర్లు రాసిన పట్టిక ఒకటి ఇంటర్నెట్టులో ఉందని, కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థవారిదని, చూడమని చెప్పాడు. బ్రాంటీల ఇల్లు చూడకుండానే సాయంకాలం బండి ఎక్కాను.

మా ఇంట్లో ఆయన్ని 'మిలిట్రీ తాత' అనేవారు. ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయినవాడు తాత కావడం ఎంత వింతో చిన్నప్పుడు తట్టలేదు. పటం లేదు. తిథి తెలియదు. పెద్దల అమావాస్యనాడు అందరికీ పెట్టాక చివరన ఆయన పేరు చెప్పి ఒక ముద్ద పెట్టేవారు. అంతే.

ఆ రాత్రి అవ్వకు ఫోను చేశాను. బేతంచెర్లలో అప్పటికి తెల్లవారుతోంది. అవ్వ నాలుగు గంటలకే లేచే మనిషి.

"అవ్వా, ఈడ యుద్ధానికి తిరునాళ్ళ చేస్తాండారు."

"యుద్ధానికి తిరునాళ్ళేంది నాయనా? ఎవురు గెలిచినారని?"

"ఇప్పటిది కాదులే. మీ కాలందే. జర్మనీ యుద్ధం. అప్పట్లో ఎట్లుండ్య, ఏం తినిరి, ఏం పాటలు పాడిరి అని అన్నీ మళ్ళా చేసి చూసుకుంటాండారు."

కాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"పాటలు గూడా పాడతాండారా?" అంది. అవునన్నాను.

"మేమూ పాడినాంలే" అని, పాలవాడు వచ్చాడని పెట్టేసింది.

నాకు నిద్ర పట్టలేదు. మా అవ్వ పాట పాడటం నేను ఎన్నడూ వినలేదు. పెళ్ళిళ్ళలో, నలుగుల దగ్గర తోటి ఆడవాళ్ళు ఎంత బతిమాలినా నాకు రాదనేది. బొడ్డెమ్మలు వేసేటప్పుడు కూడా పక్కన నిలబడి చప్పట్లు కొట్టేది, నోరు విప్పేది కాదు.

*

మనకూ ఒక 1940 ఉంది. అయితే అది ముక్కలు ముక్కలుగా, మాటల్లో దాక్కుని ఉంది. చవకధరల దుకాణం బియ్యాన్ని ఇప్పటికీ చాలాచోట్ల 'కంట్రోలు బియ్యం' అంటారు. ఆ కంట్రోలు యుద్ధకాలపు కంట్రోలే. 'బ్లాకులో కొన్నాను' అనే మాట సినిమా టికెట్ల కన్నా ముందు కిరసనాయిలుకూ, గుడ్డకూ పుట్టింది. 1942 మార్చి 8న రంగూన్ జపానువాళ్ళ చేతికి చిక్కింది. అంతకుముందు నుంచే బర్మాలో కూలీనాలీ చేసుకునే మన కోస్తా తెలుగువాళ్ళు వేలకు వేలు కాలినడకన అడవులు దాటి రావడం మొదలైంది. దారిలో రాలిపోయినవారికి లెక్క లేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. బాంబులకు బోనులు పగిలి వీధుల్లో పడతాయేమోనన్న భయంతో అక్కడి జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలను కాల్చేశారు. బర్మా బియ్యం ఆగింది. 1943లో బెంగాలు కరువు లక్షలమందిని మింగింది; మూడు మిలియన్ల దాకా పోయారని అంచనాలున్నాయి. ఆ ఏడే పుట్టిన ప్రజానాట్యమండలివాళ్ళు బెంగాలు కరువును బుర్రకథగా ఊరూరా చెప్పారు. ఆనాటి పాటంటే నాకు ముందు ఆ తంబురా గుర్తుకొస్తుంది.

సినిమాకూ యుద్ధం తగిలింది. ముడి ఫిలిం కొరతవల్ల 1943లో ప్రభుత్వం ఏ సినిమా అయినా 11,000 అడుగులు దాటకూడదని నిబంధన పెట్టింది. ఆ యుద్ధకాలంలోనే వాహినీవారి 'భక్తపోతన' (1943), 'స్వర్గసీమ' (1945) వచ్చాయి. కె.వి. రెడ్డి, బి.ఎన్. రెడ్డి ఇద్దరూ మా సీమవాళ్ళే అని మేము ఇప్పటికీ కాలరెగరేస్తాము. 'స్వర్గసీమ'లో భానుమతి గొంతులోని ఆ కూనిరాగానికి ప్రేరణ 1941 నాటి 'బ్లడ్ అండ్ శాండ్' అనే అమెరికా చిత్రం. యుద్ధం ఓడలను ఆపింది కానీ రాగాన్ని ఆపలేకపోయింది. మా అవ్వ మాత్రం ఆ రోజుల్లో ఈ సినిమాలేవీ చూడలేదు. వాళ్ళ ఊరినుంచి బేతంచెర్ల స్టేషనుకు రావడమే ఆమెకు లోకయాత్ర.

ఇక తూటు కానీ. రాగి కొరతవల్ల 1943 నుంచి 1947 దాకా కానీని నడుమ పెద్ద తూటుతో ముద్రించారు. ఉన్న లోహంలో కొంత మిగిలింది. మా ఇళ్ళలో దాన్ని పిల్లల మొలతాటికి గుచ్చి కట్టేవారు. నా మొలకూ ఒకటి ఉండేది. పెద్దయ్యాక దాన్ని 'అపురూపమైన జ్ఞాపకం' అంటూ ఎంతోమందికి చూపించాను. యుద్ధం తన లోహాన్ని కాపాడుకోవడానికి చేసిన తూటు అది అన్న సంగతి మాత్రం ఆ రాత్రి దాకా నేను ఆలోచించలేదు.

*

మరునాడు ఆ పట్టిక తెరిచాను. పేరు ఇంగ్లీషువాడి చెవికి విన్నట్టు రాసుకున్నారు కనుక నాలుగైదు విధాల వర్ణక్రమం మార్చి వెతికాను. సుమారు గంట తర్వాత దొరికింది. మూడు పంక్తులు. పయనీరు, ఇండియన్ పయనీర్ కోర్. ఫలానావారి కుమారుడు, ఫలానా గ్రామం, కర్నూలు. తండ్రి పేరు మా అవ్వ తండ్రి పేరే. ఊరి పేరు నవ్వొచ్చేలా చెక్కారు కానీ మా ఊరే. మరణించిన తేది 1944 జూన్ 9. సమాధి లేదు, బర్మాలో, రంగూన్ ఊరి బయట తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద పేరు. సమాధి దొరకని దాదాపు ఇరవై ఏడు వేలమంది పేర్లున్న రాతికంబాలవి.

గనిలో బండలు లేపే కుర్రవాడిని రోడ్లు వేసే పటాలంలోకి తీసుకున్నారు. గడ్డపార పట్టడం వాడికి ఎవరూ నేర్పవలసిన పని లేదు. ఆ యుద్ధంలో బ్రిటిషువారి పక్షాన ఇరవై అయిదు లక్షలమంది భారతీయులు సైన్యంలో చేరారు. ఎనభై ఏడు వేలకు పైగా తిరిగి రాలేదు. 1944 మార్చి నుంచి జూలై దాకా కోహిమా, ఇంఫాల్‌ల దగ్గర జరిగిన పోరాటాన్నే 2013లో లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియంవారి ఓటింగులో బ్రిటన్ చేసిన అతి గొప్ప యుద్ధంగా ఎన్నుకున్నారు. హావర్త్ వీధిలో ఆ రోజు నాకు ఒక్క తలపాగా కనబడలేదు. అది వాళ్ళ తప్పని ఇప్పుడు అనను. మా ఇంట్లోనే ఏడాదికి ఒక్క ముద్దకు మించి మేము తలచుకోలేదు కదా. ఇలాంటి వేడుకలకు కొందరు జర్మన్ యూనిఫారాలు వేసుకొచ్చి గొడవలైన సంగతులు తర్వాత చదివాను. ఆ సీమలోనే ఉన్న మరో రైల్వే, నార్త్ యార్క్‌షైర్ మూర్స్‌వారు, తమ యుద్ధకాలపు వేడుకలో లెవిషామ్ స్టేషన్ను 'లె విషామ్' అనే ఆక్రమిత ఫ్రెంచి పల్లెగా అలంకరించేవారు. వేషమన్నాక రాక్షసుడూ ఉండాలి. కానీ నాటకంలో రాక్షసుడైనా చివరికి పడిపోతాడు, రోడ్డు తవ్వినవాడు మాత్రం మొదటినుంచీ రంగస్థలం మీదికే రాడు.

తేదీ దొరికింది, చెప్పాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్నయింది. అరవై ఆరేళ్ళ తర్వాత ఎనభై దాటిన మనిషికి ఫోనులో చెప్పే మాటా ఇది? ఎదురుగా కూర్చుని చెప్పాలనుకుని డిసెంబరులో ఊరికి వచ్చేదాకా ఆగాను.

ఆ చలికాలపు పొద్దున అవ్వ పంచలో నాపబండల మీద, ఎండలో కూర్చుని ఉంది. నేను అడగకముందే, "ఏమో తిరునాళ్ళ అంటివే" అని తానే ఎత్తుకుంది. అప్పుడు చెప్పింది ఇదంతా. ఆమె మాటల్లోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

"చిత్రభానులో వానల్లేవు. స్వభానులో అంతకన్నా లేవు. జొన్నలు దొరకవు, దొరికినా కొనేదానికి దుడ్లు లేవు. వాడు సంతలో మిలిట్రీవాళ్ళు కొలతలు తీసుకుంటాంటే పోయి నిలబడినాడంట. ఇంటికొచ్చి, మ్మా, నన్ను తీసుకున్నారు, మూడుపూటలా బువ్వంట అన్నాడు. మాయమ్మ ఏడ్చలే. బువ్వ దొరుకుతాదని ఏడ్చలే. నెలనెలా మన్యార్డరు వచ్చేది. ఆ దుడ్లతోనే జొన్నలు. వాడి జాబులో యాడుండాడో ఉండేది కాదు. రాయగూడదంట. మేము విసుర్రాయి కాడ పాడుకునే పాటలో వాని పేరు కట్టుకున్న్యాం. ఏ ఊరు పోయినాడో తెలీదు గదా, ఊరి పేరు కాడికొచ్చినప్పుడల్లా మాయమ్మ ఊరికే రాయి తిప్పేది, పాడేది కాదు. ఆడికి రాయి చప్పుడే."

1944 దసరా ముందర ఒక ఇంగ్లీషు జాబు వచ్చింది. ఊళ్ళో చదివేవారు లేక స్టేషనుదాకా తీసుకుపోయారు. 'కనబడుటలేదు' అని ఉందని చెప్పారు. కానీ మనియార్డరు ఆగలేదు. దుడ్లు వస్తున్నాయి కాబట్టి మనిషి ఉన్నాడని ఇంట్లో అందరూ నమ్మారు. సంక్రాంతికి అదీ ఆగింది. అప్పుడు తెలిసింది. ఆ పాట మళ్ళీ పాడలేదు.

"వాడు గుర్తొస్తాడని కాదు నాయనా" అంది అవ్వ. "అన్ని నెలలు వస్తాండె గదా దుడ్లు. వాడు ఎప్పుడు పాయనో, మేము ఎన్నాళ్ళు తింటిమో. చచ్చినోడి జీతం తింటిమి. ఏ రొట్టె వాడు ఉండంగ తిన్నదో, ఏది పొయినాంక తిన్నదో తెలీదు. ఆ ఏడు ఏరువాకకు ఓళిగలు గూడా చేసుకుంటిమి. కరువులో, ఓళిగలు! వాడు పంపిన దుడ్లతో. అది మాత్రం నాకు ఇప్పటికీ గొంతు దిగదు."

అవ్వ ఏరువాక పున్నమికి ఓళిగ తినదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పంటి నొప్పి అనేది. చక్కెర అనేది. మేము నమ్మేవాళ్ళం.

నా చేతులు చల్లబడ్డాయి. జ్యేష్ఠ మాసపు పున్నమే కదా ఏరువాక. 1944లో తారణ నామ సంవత్సరం. హావర్త్ వీధిలో చదివిన మాట గుర్తుకొచ్చింది: జూన్ 6, నిండు పున్నమి. జ్యేష్ఠమేనా అని లోపలికి వెళ్ళి లెక్క వేసుకున్నాను. ఆ ఏడు మార్చి చివర ఉగాది, అక్కడినుంచి మూడో పున్నమి. జ్యేష్ఠమే. నార్మండీకి వెన్నెల వెలిగిన నాడే మా ఊళ్ళో ఎద్దుల కొమ్ములకు రంగులు పూశారు.

తిరిగి వచ్చి అవ్వ పక్కన కూర్చుని పట్టిక సంగతి చెప్పాను. పేరుందని, నాయన పేరుందని, మన ఊరి పేరుందని చెప్పాను. "యాడ?" అంది. బర్మాలో అన్నాను. ఊరి పేరు ఆమె రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత తేది చెప్పాను.

"మన లెక్కలో చెప్పు."

"ఏరువాక పున్నమి అయిన మూడోనాడు అవ్వా."

అవ్వ వేళ్ళు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. చాలాసేపు ఎదురుగా గోడ వైపు చూసింది.

"అంటే ఏరువాకకు ఉండాడు" అంది.

ఉన్నాడన్నాను.

"ఓళిగలు తిన్నప్పుడు ఉండాడు. ఆ తర్వాత తిన్నది రొట్టే గదా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "రొట్టె ఎవురైనా తినాల్సిందే గదా నాయనా" అంది.

ఆ సాయంత్రం నేను అడగలేదు, తానే పాడింది. మా ఇంట్లో విసుర్రాయి వాడకం మానేసి చాలా ఏళ్ళయింది. పై రాయి పెరట్లో తులసికోట పక్కన పడి ఉంది. ఊరికే కూర్చుంటే పదాలు రావడం లేదని, కుడిచేయి బండ మీద ఆనించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. చేయి తిరిగినకొద్దీ పాట వచ్చింది. గొంతు పగిలింది, రాగం నిలవలేదు. ఊరి పేరు రావలసిన చోట వాళ్ళమ్మలాగే ఆగింది. బండ మీద అరచేయి రాపిడి ఒక్కటే వినిపించింది. రెండోసారి అదే చోటికి వచ్చినప్పుడు ఆగలేదు. నేను చెప్పిన ఆ బర్మా పేరును తన నోటికి వచ్చినట్టు మార్చుకుని, తాళంలో ఇరికించి పాడేసింది. నా సెల్‌ఫోనులో నాలుగు నిమిషాల ధ్వని ఉంది. పాట మాటలు ఇక్కడ రాయడం లేదు. అందులో ఆయన పేరుంది, అది ఇంటి పాట.

తర్వాతి జ్యేష్ఠం నుంచి పున్నమి అయిన మూడోనాడు ఆయనకు విడిగా పెట్టడం మొదలైంది. ఆ పున్నమికి అవ్వ ఓళిగ తిన్నది. సగమే తిన్నది, కానీ తిన్నది. 2013లో అవ్వ పోయింది.

హావర్త్‌వాళ్ళ మీద నాకు ఇప్పుడు చిన్నచూపు లేదు. మొదట్లో ఆ రెండు రోజుల వేడుకను తలచుకుంటే కోపం వచ్చేది. బాంబులూ ఆకలీ లేకుండా పాటలూ పెదవిరంగూ మాత్రం ఏరుకున్నారని. తర్వాత మన రాతలు మనమే తిరగేసుకుంటే సిగ్గేసింది. మనం మాత్రం చేస్తున్నదేమిటి? విసుర్రాయి గురించి ఎంత ముచ్చటగా రాసుకున్నాను! మొలతాటి తూటు కానీ గురించి, ఏరువాక ఓళిగల రుచి గురించి కూడా. ఆ ఓళిగ ఎందుకు తినవని ఒక్కసారైనా మనసుపెట్టి అడగకుండానే రాశాను. జ్ఞాపకాల తిరునాళ్ళ నేనూ జరిపినవాణ్ణే. అయితే ఇదీ నిజం: ఆ ఊరివాళ్ళు ఆ వేషాలు కట్టకపోతే, ఆ బల్ల మీద పున్నమి సంగతి రాసిపెట్టకపోతే, ఆ పెద్దాయన పక్కకు జరిగి చోటివ్వకపోతే, మా అవ్వకు ఆ మూడు రోజుల తేడా తెలిసేది కాదు. తిరునాళ్ళకు వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళినప్పుడు పాడకుండా కూర్చున్న మనిషి పక్కన కాసేపు కూర్చోవాలి. నాకు తెలిసిందల్లా అదే.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి తాతలు ఉండే ఉంటారు. పటం లేనివారు, తిథి తెలియనివారు, పెద్దల అమావాస్యనాడు చివరి ముద్దగా మిగిలినవారు. ఆ పట్టిక ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు మనం పలికినట్టు కాక వాళ్ళు విన్నట్టు రాసి చూడండి. తండ్రి పేరు, ఊరి పేరు కలిపి చూసుకోండి. దొరికిన తేదీని మన లెక్కలోకి మార్చండి. ఎవరి చేతి వేళ్ళు ఆ లెక్క కోసం ఎదురుచూస్తున్నాయో మనకేం తెలుసు?

మా చిన్నదానికి ఇంకా జవాబు చెప్పలేదు. ఈ రాత్రి ఆ నాలుగు నిమిషాలు వినిపిస్తాను.